రేకు దించే రోజుకు బాధ్యులెవరు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు, ఇళ్ళు బాగుచేసే వృత్తులవారికి బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పురపాలక, పంచాయతీ, కార్మిక, వైద్యారోగ్య, కాలుష్య నియంత్రణ శాఖల అధికారులకు, ఇళ్ళు కట్టే, బాగుచేసే ఇంజనీర్లకు, గుత్తేదార్లకు, బేల్దారి మేస్త్రీలకు నమస్కారాలు.

పాత ఇంటి వెనక పంచను విప్పి శ్లాబు వేయించుకోవాలనుకున్న ఒక సామాన్య గృహస్థుడిని నేను. ఆ పంచ మీదున్న సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చునన్న అనుమానంతో రెండు ప్రశ్నలు అడిగాను. వీటిని ఎలా దించాలి? దించినవాటిని ఎక్కడ వేయాలి? మొదట నోటిమాటగా, తర్వాత అర్జీగా, ఆపైన పై అధికారికి విన్నపంగా అడిగాను. అర్జీ ఒక శాఖ నుంచి మరో శాఖకు ‘తగు చర్య నిమిత్తం’ వెళ్ళి, అక్కడినుంచి ‘మా పరిధిలోనిది కాదు’ అని తిరిగివచ్చి, చివరకు ‘పరిష్కరించడమైనది’ అన్న ముద్రతో మూసుకుపోయింది. ఆ పరిష్కారం ఏమిటో కాగితంలో లేదు. నేను వెళ్ళిన కార్యాలయాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అక్కడి ఉద్యోగులు నాతో మర్యాదగానే మాట్లాడారు, కానీ చెప్పడానికి వారి దగ్గర ఏమీ లేదు. ఈ రెండు జిల్లాల్లో ఏ తలుపు తట్టినా ఇదే జరుగుతుందన్న నమ్మకంతోనే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. చెక్కుచెదరకుండా ఉన్న సిమెంటు రేకు కింద కాపురం ఉంటున్నవారు భయపడి రేపే ఇల్లు విప్పుకోవలసిన పని లేదు. ఈ రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతినార సుమారు పదో వంతు ఉంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం సిమెంటే. ఆ సిమెంటు నారను గట్టిగా పట్టి ఉంచుతుంది. రేకును పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, ఎండిన పాచిని ఇనుప బ్రష్షుతో గీకినప్పుడు ఆ పట్టు వదిలి, కంటికి కనబడనంత సన్నని పోగులు గాలిలోకి లేస్తాయి. పీల్చినవాటిలో కొన్ని ఊపిరితిత్తుల అట్టడుగుదాకా చేరి అక్కడే ఉండిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం, మన రేకుల్లో వాడే తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలనూ మనుషుల్లో కేన్సర్ కలిగిస్తాయని రుజువైన పదార్థాల జాబితాలో చేర్చింది. ఊపిరితిత్తులు, స్వరపేటిక, అండాశయం కేన్సర్లు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథెలియోమా, ఊపిరితిత్తులు బిరుసెక్కి ఆయాసం తెచ్చే ఆస్బెస్టోసిస్ దీనివల్ల వస్తాయి. పనిచేసే చోట ఈ పోగులు పీల్చినందువల్ల ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ఆ సంస్థ అంచనా. 60కి పైగా దేశాలు దీనిని నిషేధించాయి. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ రేకు తయారీ, అమ్మకం నేటికీ చట్టబద్ధమే. ఒకప్పుడు మన పొరుగున పులివెందుల ప్రాంతంలో తవ్విన ఈ రాతినారను ఇప్పుడు రష్యా, కజకస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్నాం.

నిషేధం గురించి నేను మీతో వాదించడం లేదు, అది జిల్లా అధికారుల చేతిలో లేదు. రేకు దించే రోజు మాత్రం మీ చేతిలో ఉంది. పైన ఉన్నన్నాళ్ళూ పెద్దగా హాని చేయని వస్తువు, కిందికి వచ్చే ఆ ఒక్క రోజున ప్రమాదకరమవుతుంది. ఆ రోజుకు మన రెండు జిల్లాల్లో బాధ్యత వహించేవారు ఎవరూ లేరన్నదే నా ఫిర్యాదు.

మన ప్రాంతంలో ఈ రేకులు ఎందుకింతగా వచ్చాయో మీకు తెలియనిది కాదు. కొత్తపట్నం నుంచి తుమ్మలపెంట, మైపాడు దాకా తీరం పొడవునా ఉప్పుగాలికి ఇనుప రేకు త్వరగా తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. సిమెంటు రేకుకు తుప్పు లేదు. తాటాకు ఇంటికి నిప్పు భయం, పెంకుటింటికి ఏటా పెంకు మార్చే ఖర్చు. కాస్త డబ్బు చేతిలో ఆడగానే బీదవాడు వేయించుకున్నది సిమెంటు రేకే. బియ్యం మిల్లులకు, గొడ్ల చావిళ్ళకు, రొయ్యల చెరువుల దగ్గర మేత నిల్వచేసే కొట్టాలకు, వీధి చివరి టీ అంగడికి కూడా అదే. ఇప్పుడు ఆ రేకుల కాలం తీరుతోంది. పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్న ప్రతి ఇంట్లోనూ పాత పంచ విప్పి శ్లాబు వేస్తున్నారు, ప్రభుత్వ గృహ పథకాలూ ఆ దారిలోకే నడిపిస్తున్నాయి. శ్లాబు కావాలనుకోవడం తప్పు కాదు, మా పంచకు నేను కోరుకున్నదీ అదే. అయితే ఎన్ని ఇళ్ళ మీద ఇటువంటి రేకులున్నాయో లెక్క కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో ఇనుప రేకులనూ, ఇతర లోహపు రేకులనూ, ఆస్బెస్టాస్ రేకులనూ ఒకే గడిలో కలిపి రాసుకున్నారు.

మా వీధిలో ఒక ఇంటి వెనక భాగం విప్పుతుండగా దగ్గర నిలబడి చూశాను. బోల్టులు తుప్పు పట్టి ఊడిరాకపోవడంతో, మేస్త్రీ రేకు మీద కూర్చుని బోల్టు చుట్టూ సుత్తితో కొడుతూ వచ్చాడు. బోల్టు దూలానికే మిగిలింది, రేకు ముక్కలై కింది గచ్చు మీద పడింది. మిగిలిన చోట కరెంటు కోత మిషను పెట్టారు, దాని చుట్టూ తెల్లని పొడి లేచి పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టలమీద వాలింది. ఇద్దరు ఆడకూలీలు చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఉత్త చేతులతో ముక్కలేరి తట్టల్లో ఎత్తారు. ఒకామె బిడ్డ ఆ కుప్ప పక్కనే పెంకులతో ఆడుకుంటున్నాడు. ఆఖరున పొడిచీపురుతో ఊడ్చారు. విరగకుండా మిగిలిన రేకులను మేస్త్రీ తన గొడ్ల కొట్టానికి తీసుకెళ్ళాడు, ముక్కలన్నీ ట్రాక్టరులో చెరువు కట్ట పక్క గుంతకు చేరాయి. జాగ్రత్త గురించి నేను మాట ఎత్తితే ఆయన నవ్వి, “ఇరవై ఏళ్ళ నించి దించతానే ఉండా సార్, నాకేం కాలా” అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. ఈ జబ్బులు పోగులు పీల్చిన పదేళ్ళకో, నలభై ఏళ్ళకో, అంతకన్నా ఆలస్యంగానో బయటపడతాయని ఆయనకు చెప్పినవారు లేరు.

దీని పర్యవసానాలు ఎవరి మీద ఎలా పడుతున్నాయో వరుసగా రాస్తున్నాను.

1. అనుమానం తీర్చుకునే దారి లేదు. విదేశాల్లో ‘ఫలానా సంవత్సరానికి ముందు కట్టిన ఇల్లయితే జాగ్రత్తపడండి’ అని చెబుతారు, ఎందుకంటే ఆ తర్వాత అక్కడ నిషేధం వచ్చింది. ఆ సలహా మనకు పనికిరాదు. ఇక్కడ ముప్ఫై ఏళ్ళ నాటి రేకులోనూ ఉండవచ్చు, నిరుడు కొన్నదానిలోనూ ఉండవచ్చు. ఆస్బెస్టాస్ లేకుండా వేరే నారతో చేసిన సిమెంటు రేకులూ అంగళ్ళలో ఉన్నాయి, చూపుకు రెండూ ఒక్కటే. రేకు అంచున తయారీదారు ముద్ర మిగిలి ఉంటే కొంత తెలుస్తుంది, సున్నం పూతల కింద అది ఎప్పుడో మరుగున పడి ఉంటుంది. కచ్చితంగా తేల్చాలంటే ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో ప్రయోగశాలలో చూడాలి. నేను ఎంత విచారించినా, ఒక గృహస్థుడు చిన్న ముక్క పట్టుకెళ్ళి, రుసుము కట్టి, ఫలితం రాయించుకునే చోటు మన దగ్గర దొరకలేదు. పరీక్ష లేనప్పుడు ఉన్నట్టే భావించి పని చేయాలన్నది సురక్షితమైన నియమం. ఆ మాటైనా అధికారికంగా చెప్పేవారుండాలి కదా!

2. భారమంతా కూలీల ఊపిరి మీద పడుతోంది. ఇంటివారు ఈ దుమ్మును జీవితంలో ఒకటి రెండుసార్లు పీలుస్తారు. రేకులు దించే మేస్త్రీ, ఎత్తే ఆడకూలీ వారం వారం పీలుస్తారు. మెడలో తువ్వాలు, చీర కొంగు, మందుల అంగట్లో దొరికే పల్చని మాస్కు ఈ పోగులను ఆపలేవు. సన్నని పొడిని వడగట్టే ఎఫ్‌ఎఫ్‌పీ-3 తరగతి మాస్కు, అదీ ముఖానికి ఎక్కడా సందు లేకుండా అతికేది కావాలి. పొగతాగే అలవాటున్నవారికి ఆస్బెస్టాస్ కూడా తోడైతే ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. మన మేస్త్రీల్లో బీడీ కాల్చనివారు ఎందరు? చట్టం వీరిని పూర్తిగా మరచిందని అనలేను. ఆస్బెస్టోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి వైద్య వివరాలను చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా మానేసిన తర్వాత 15 ఏళ్ళు, ఏది తర్వాతయితే అప్పటిదాకా భద్రపరచాలని ఆదేశించింది. అయితే ఆ రక్షణ రేకు తయారయ్యే కార్ఖానా గేటు దగ్గరే ఆగిపోయింది. అదే రేకును ముప్ఫై ఏళ్ళ తర్వాత మన వీధిలో పగలగొట్టే మనిషికి హాజరు పట్టీ కూడా ఉండదు. రేపు ఆయన ఆయాసంతో ఆసుపత్రికి వెళితే, మొదట క్షయ అనుకుంటారు, తర్వాత పొగ అలవాటు అంటారు. ‘నువ్వు ఏం పని చేసేవాడివి?’ అని అడిగి రాసుకునేవారుండరు. అభ్రకం గనులున్న సైదాపురం ప్రాంతానికి, గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తికి దుమ్ము ఊపిరిని ఏం చేస్తుందో కొత్తగా చెప్పనవసరం లేదు. అక్కడ కనీసం క్వారీ ఎక్కడుందో అందరికీ తెలుసు.

3. పాత రేకు మనిషి బరువును మోయదు. పాచి పట్టి, ఎండకు వానకు పెళుసెక్కిన రేకు మీద నేరుగా కాలు మోపితే ఉన్నపళంగా విరిగి మనిషి కిందపడతాడు. అడ్డంగా బల్లలు పరచి, వాటిమీదే కదలాలన్న మాట ఇంజనీర్లకు తెలుసు, కూలికి వచ్చిన కుర్రవాడికి తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు నలభై ఏళ్ళకు వస్తే, ఇది ఆ క్షణంలోనే ప్రాణం తీస్తుంది.

4. పని చేసినవారి ఇంట్లోవారికీ ముప్పుంది. బట్టల్లో, తలలో పట్టిన పోగులు ఇంటికి చేరతాయి. ఆస్బెస్టాస్ కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకు మెసోథెలియోమా వచ్చిన ఉదంతాలు ఇతర దేశాల వైద్య చరిత్రలో నమోదై ఉన్నాయి. ఇక ఇల్లు బాగుచేయించుకునే కుటుంబం సాధారణంగా వేరే ఇంటికి వెళ్ళదు. ముందుగదిలో వంట, పిల్లల చదువు, ముసలివారి మంచం, వెనకగదిలో విప్పుడు పని. మూత లేని నీళ్ళ తొట్టి, ఆరేసిన వడియాలు, తెరిచిన కిటికీలు, అన్నిటిమీదా ఆ పొడి వాలుతుంది.

5. దించినదానికి చోటు లేదు. నా ప్రశ్నల్లో అధికారులను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది ఇదేననిపించింది. ప్రమాదకర వ్యర్థాల నియమాలు (2016) ఆస్బెస్టాస్ వస్తువుల తయారీలో వచ్చే వ్యర్థాలను తమ పట్టికలో చేర్చాయి, అయితే ఆ పట్టిక కార్ఖానాలను దృష్టిలో పెట్టుకున్నది. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాల్లో (2016) ప్రత్యేక బాధ్యతలు పెట్టింది రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు, ఆపైన వ్యర్థం వచ్చేవారికే. 2025లో ప్రకటించిన కొత్త నియమాల్లో ‘ఉత్పత్తిదారు బాధ్యత’, అంటే వ్యర్థానికి కట్టేవారే పూచీ పడాలన్న నియమం, 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్రాజెక్టులకు. మా పంచ రెండు వందల చదరపు అడుగులు. పెద్ద వలలు వేశారు, చిన్నచేపలన్నీ కన్నాల్లోంచి జారిపోయాయి, చిన్నచేపలే లక్షల్లో ఉన్నాయి. ఆస్బెస్టాస్ వ్యర్థాన్ని ఎలా పారవేయాలో భారతీయ ప్రమాణాల సంస్థ 1986లోనే ఐఎస్ 11768 పేరుతో సూచనలు రాసి ఉంచింది. అయినా నాకు తెలిసినంతలో ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రం విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉంది, నెల్లూరు నుంచి సుమారు 600 కిలోమీటర్లు. పది రేకుల కోసం లారీ కట్టించుకుని అంతదూరం ఎవరు వెళతారు? అందుకే ముక్కలు చెరువు గట్ల మీద, పెన్నా పొర్లుకట్టల పక్కన, పల్లెదారుల గుంతల్లో పడుతున్నాయి. గుంత పూడ్చిన దారి మీద ట్రాక్టరు చక్రం వాటిని మళ్ళీ పొడి చేస్తుంది.

6. భూమిలో ఉన్న పాత ‘ఏసీ’ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులు మరో కథ. నీటి పథకాల్లో వేసిన గొట్టాలవి. వాటిలో వచ్చే నీళ్ళు తాగినందువల్ల హాని జరుగుతుందనడానికి స్థిరమైన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది, కాబట్టి కొళాయి నీటిని చూసి భయపడనవసరం లేదు. కొత్త లైను కోసం తవ్వి, పాత గొట్టాన్ని మిషనుతో కోసి, గట్టున పడేసి వెళ్ళే కూలీల గురించే నా ఆందోళన. ఇక్కడ పని చేయించేది ప్రభుత్వమే కాబట్టి, మిగతావారికి ఆదర్శంగా ముందు ఇక్కడే పద్ధతి మారాలి.

7. ఏటా తప్పని సందర్భాలు రెండున్నాయి. రోహిణి కార్తె ఎండలకు తాళలేక రేకు మీద సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్లరంగో వేస్తాం. పూత మంచిదే, అది పోగులను పట్టి ఉంచుతుంది కూడా. పూతకు ముందు ఎండిన పాచిని గీకడమే చెడ్డది. రెండోది తుపాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను మొదలుకొని, ఈశాన్య రుతుపవనాల కాలంలో మనకు గాలివానలు కొత్త కాదు. చెట్టు కూలి విరిగిన రేకు ముక్కలను మర్నాడు పారిశుద్ధ్య కార్మికులే చేతులతో ఎత్తి, కొమ్మలతో, బురదతో కలిపి చెత్త బండిలో వేస్తారు. తుపాను సన్నద్ధత సమావేశాల్లో పడవలు, జనరేటర్లు, బియ్యం గురించి మాట్లాడుకుంటారు. ఆ జాబితాలో ఈ ముక్కలకూ ఒక వరుస కేటాయించడం కష్టమేమీ కాదు.

ఈ పరిస్థితుల్లో ఈ కింది కోరికలను మీ ముందు ఉంచుతున్నాను. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. చాలావాటికి ఒక ఆదేశం, ఒక అధికారి, కొద్దిపాటి నిధి చాలు.

ఒకటి: ప్రతి జిల్లాలో ఒక అధికారిని ఈ విషయానికి బాధ్యుడిగా నియమించి, ఆ హోదాను, ఫోన్ నంబరును గ్రామ, వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల మీద ప్రకటించాలి. పురపాలక శాఖ కాలుష్య నియంత్రణ మండలి వైపు, ఆ మండలి కార్మిక శాఖ వైపు వేలు చూపే స్థితి దీనితోనే పోతుంది.

రెండు: అనుమానమున్న రేకు ముక్కను పరీక్షించే ఏర్పాటు చేయాలి. ప్రయోగశాల జిల్లాలోనే ఉండాలని నేను పట్టుబట్టడం లేదు. తడిపి, జాగ్రత్తగా తీసిన చిన్న నమూనాను రెండు సంచుల్లో మూసి ఇస్తే, తీసుకుని పంపించి, ఫలితం తెప్పించే కిటికీ ఒకటి నెల్లూరులో, ఒకటి ఒంగోలులో ఉంటే చాలు. రుసుము మధ్యతరగతి భరించగలిగేదిగా, తెల్లకార్డు ఉన్నవారికి ఉచితంగా ఉండాలి.

మూడు: రేకుల వ్యర్థానికి విడిగా సేకరణ స్థలం చూపించాలి. కంచె, గచ్చు నేల, తాళం ఉన్న ఒక గిడ్డంగి చాలు. పాలిథిన్‌లో చుట్టి తెచ్చిన రేకులను అక్కడ బరువు తూచి తీసుకుని, లారీ నిండినప్పుడు అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. రవాణా ఖర్చును ఒక్కొక్క ఇంటి మీద వేస్తే ఎవరూ రారు, మళ్ళీ చెరువు గట్టే గతి అవుతుంది. ఆ ఖర్చును స్థానిక సంస్థలే భరించాలి.

నాలుగు: ఒక్క పేజీ తెలుగు సూచనపత్రాన్ని తయారుచేసి పంచాలి. చిన్న మరమ్మతు చేయించేవారు ప్లాను అనుమతికి రారు, కాబట్టి అనుమతి కాగితాల వెంట పంపితే ఈ సూచన వారికి చేరదు. సిమెంటు, రేకులు, రంగులు అమ్మే అంగళ్ళలోనూ, పనిముట్లు అద్దెకిచ్చే చోట్లా అంటించాలి, ప్రతి నెలా మూడో శనివారం జరిపే స్వచ్ఛాంధ్ర కార్యక్రమాల్లో చదివి వినిపించాలి. అందులో ఉండవలసినవి ఇవి. గట్టిగా ఉన్న రేకును ఊరికే కదిలించవద్దు, పూత వేసి వదలడమో, కింద సీలింగు వేయడమో మేలైన సందర్భాలు ఎన్నో ఉంటాయి. దించక తప్పకపోతే, ముందుగా కొద్దిగా సబ్బు కలిపిన నీటిని సన్నని తుంపరగా చల్లి, పని పూర్తయ్యేదాకా తడిగానే ఉంచాలి. ఒత్తిడి ఎక్కువగా ఉండే నీటి మిషను వాడకూడదు. బోల్టును కత్తిరించాలి గాని రేకును పగలగొట్టకూడదు. కోత మిషను, డ్రిల్లు ఆ రోజు పెట్టెలోనే ఉండాలి. రేకును విసిరేయకుండా ఇద్దరు పట్టుకుని నిండుగా కిందికి దించాలి. మందపు పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి, పైన ఏముందో రాయాలి. రాలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ అందులోనే మూసెయ్యాలి. పిల్లలను, గర్భిణులను ఆ పూట దూరంగా పంపి, ఇంట్లోకి తెరుచుకునే తలుపులు, కిటికీలు, నీళ్ళ తొట్లు మూసి ఉంచాలి. పని ముగిశాక అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్ళాలి. విడిచిన బట్టలను దులపకుండా తడిపి, విడిగా ఉతకాలి.

ఐదు: భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి నుంచి రేకుల పని చేసే మేస్త్రీలకు, ఆడకూలీలకు తగిన మాస్కులు, తొడుగులు ఇప్పించి, ఒక రోజు శిక్షణ ఏర్పాటు చేయాలి. శిక్షణ రోజుకు కూలి కట్టి ఇవ్వాలి, లేకపోతే ఎవరూ రారు.

ఆరు: నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల ఊపిరితిత్తుల విభాగాల్లో ఆయాసంతో వచ్చే ప్రతి రోగి వృత్తి చరిత్రను రాసుకోవాలి. రేకులు, పైపులు, మిల్లుల పని చేసినవారి వివరాలను విడిగా నమోదు చేయాలి. పదేళ్ళ తర్వాత ఈ జిల్లాల్లో ఇటువంటి జబ్బులు లేవని చెప్పాలన్నా, ఉన్నాయని చెప్పాలన్నా కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి.

ఏడు: ప్రభుత్వ భవనాలతో లెక్క మొదలుపెట్టాలి. బడులు, అంగన్‌వాడీలు, వసతిగృహాలు, మార్కెట్ యార్డుల్లో ఇంకా ఎక్కడెక్కడ సిమెంటు రేకులున్నాయో, వాటి స్థితి ఏమిటో సర్వే చేసి ప్రకటించాలి. బడుల రూపురేఖలు మార్చే ‘నాడు-నేడు’ కార్యక్రమం 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే మొదలైంది. ఆ పనుల్లోగాని, ఇతర పథకాల్లోగాని ఎక్కడైనా పాత రేకులు దించి ఉంటే అవి ఎటు వెళ్ళాయో చెప్పమనడం తప్పు వెతకడం కోసం కాదు. ఇకమీదట పిలిచే టెండర్లలో రేకుల తొలగింపును విడి పద్దుగా, విడి ధరతో చూపించాలని అడగడానికి. ధర లేని జాగ్రత్తను గుత్తేదారు పాటించడు, మనమైనా పాటించం.

ఇంజనీర్లకు, గుత్తేదార్లకు, మేస్త్రీలకు నేను చెప్పేది కొంచెమే. మీరు రాసే అంచనాల్లో ‘పాత కప్పు విప్పుట’ అని ఒక్క మాటతో ముగిసే పద్దును విడదీసి రాయండి. రేకుకు ఒక రోజు ఎక్కువ పడుతుందని, పాలిథిన్‌కు, మాస్కులకు ఇంత అవుతుందని ఇంటివారికి ముందే చెప్పండి. ఒక మంచి మాస్కు ధర మేస్త్రీ రోజు కూలిలో సగం కూడా ఉండదు. బేరమాడే ఇంటివారు కోత పెట్టేది మొదట ఈ పద్దుమీదే కాబట్టి, ఈ మాట వారికీ వర్తిస్తుంది. తక్కువ రేటుకు ఒప్పుకున్నవాడు సుత్తితోనే పని ముగిస్తాడని తెలిసి ఒప్పుకుంటున్నాం.

అధికారులను అడిగేది మాత్రం స్పష్టమైన జవాబు. పై ఏడింటిలో ఏది ఎప్పటికి చేయగలరో, ఏది ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా ప్రకటించండి. చేయలేనిది ఉంటే ఏ స్థాయికి వెళ్ళాలో చెప్పండి, అక్కడికి వెళతాం. ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించే అక్టోబరు లోపల కనీసం మొదటి, మూడో, నాలుగో కోరికలు అమలు కావాలని కోరుతున్నాను. బాధ్యుడైన అధికారి పేరు లేనిదే మిగతావి కదలవు. చోటు చూపించనిదే సూచనపత్రం ఎంత బాగా రాసినా వృథా. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఇవే ప్రశ్నలను శాఖలవారీగా వేసి, వచ్చిన సమాధానాలను, రాని సమాధానాలను కూడా ఇలాగే అందరి ముందు పెడతాను.

ఇట్లు,
పాత ఇంటి మరమ్మతు మధ్యలో ఆపుకున్న ఒక గృహస్థుడు,
నెల్లూరు జిల్లా